బాబూమియా అక్షరం

జుమ్మా నమాజు చేసుకుని మగవాళ్లు ఇంటికొచ్చి చాలాసేపయింది. దస్తర్‌ఖాన్ అన్నాలకు పరిచే ఉంది, ఖట్టీ దాల్ చల్లారిపోతోంది. ఇంటి పెద్దావిడ జాహెదా గోష్ గిన్నె మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది. తినేవాళ్లెవరు? సంతోష్‌నగర్‌లోని ఆ ఇంట్లో పొద్దుటి నుంచీ అందరి కడుపూ లొల్లితోనే నిండిపోయింది.

"చూడు. నీ కండ్లతోని నువ్వే చూడు." రిజ్వాన్ ఒక పెళ్లికార్డు తీసి భార్య చేతిలో పెట్టాడు. "బార్కస్ చావుష్ సాబ్ బిడ్డ పెండ్లి. ఇది పెండ్లికార్డా, మద్రసా రసీదా?"

షిఫా కార్డు విప్పింది. అంచున బంగారు రంగు బాగానే దిగింది. లోపలి ఉర్దూ మాత్రం తను కూర్చిన ఉర్దూ కాదు. పాతబస్తీలో పెళ్లికార్డంటే నస్తాలీఖ్‌లో ఉండాలి. అక్షరాలు పైనుంచి కిందికి వాలుగా జారుతూ, ఒకదాని భుజం మీద ఒకటి తల పెట్టుకోవాలి. ఇక్కడ అన్నీ ఒకే గీత మీద బిగుసుకుని నిలబడ్డాయి. ఇది నస్ఖ్. అరబ్బీ కితాబుల అక్షరం. పెళ్లికి పిలిచే అక్షరం కాదు.

గడప దగ్గర ప్రెస్సు అంజన్న చెప్పులు విడవాలో వద్దో తెలియక నిలబడ్డాడు. పొద్దున కార్డుల కట్టలు ఆటోలో వేసుకొచ్చినవాడు అతనే.

"నాకేం ఎరుక రిజ్వాన్ భాయ్. నాకు ఉర్దూ అంటే గదే ఉర్దూ. నా గడ్డం నల్లగున్నప్పటి సంది మీ కార్డులు కొడుతున్న, ఒక్క అక్షరం సదివిన పాపాన పోలే. మీరేది ఇస్తె గది కొడ్త."

"నిన్నెవరన్నరు అంజన్నా. అనాల్సినోళ్లు ఈడ కూసున్నరు" అన్నాడు రిజ్వాన్.

అంతవరకూ గోడకు ఆనుకుని, ఒక కార్డును చదువుతున్నట్టు పట్టుకుని కూర్చున్న రిజ్వాన్ తండ్రి బాబూమియా ఒకే ఒక్క మాట అడిగాడు. "బటర్ తీయలేదా బేటీ?"

షిఫా తల దించుకుంది. "తీయలేదు అబ్బా. ఫైల్ పంపితె సరిపోతదనుకున్న."

జరిగిన తప్పంతా ఆ ఒక్క జవాబులో ఉంది. నయాపూల్ దగ్గరి బాబూమియా కార్డుల దుకాణంలో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. మ్యాటర్ కూర్చాక దాన్ని పల్చటి బటర్ పేపర్ మీద తీస్తారు, ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి చూస్తారు, అప్పుడది అంజన్న చేతికి పోతుంది. చదవడం రాని అంజన్నకు ఆ కాగితమే కళ్లు. షిఫాకు ఆ కాగితం దండగనిపించింది. ఫైలును ఫోనులో పంపేసింది. దుకాణం కంప్యూటర్‌లో నస్తాలీఖ్ అక్షరం ఎక్కించింది కానీ, అంజన్న కంప్యూటర్‌లో ఎక్కించడం మరిచిపోయింది. అడిగిన అక్షరం దొరక్కపోయేసరికి ఆ కంప్యూటర్ తన దగ్గరున్నదేదో తీసి పెట్టేసింది. పిల్ల తెలివైందే, కాదనను. తెలివైనవాళ్లే పాత పద్ధతిని దండగంటారు.

"అంజన్న కంప్యూటర్‌ల కూడ నీ లినక్సే కదా" అన్నాడు రిజ్వాన్. "నేను మొదలే చెప్పిన. ఫుకట్‌ది ఫుకట్ లెక్కనే ఉంటది."

"గల్తీ లినక్స్‌ది గాదు, నాది."

"ఎవరిదైతేంది? సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత పెన్‌డ్రైవ్ ఆయన దుకాణానికి వస్తుండు. అన్నిట్ల మళ్ల విండోస్ ఎక్కిస్తడు, పాత ప్రోగ్రాం ఎక్కిస్తడు. రేపటి సంది నువ్వు ఇంట్లనే ఉండు. దుకాణం సంగతి నేను చూసుకుంట."

షిఫా కార్డు మడిచి పక్కన పెట్టింది. ఆ దుకాణంలో గల్లీ వైపు తిరిగి ఉన్న కుర్చీలో ఆ ఇంటి ఆడమనిషి కూర్చోవడం అదే మొదటిసారి. దొంగ కాపీ విండోస్‌లో వైరస్ పడి ఆర్డర్లన్నీ మింగేసినప్పుడు మగవాళ్లు తలలు పట్టుకుంటే, ఆ కుర్చీలో కూర్చుని, విండోస్ బదులు పైసా అడగని లినక్స్ ఎక్కించి అన్ని కంప్యూటర్లనూ మళ్లీ లేపి నిలబెట్టింది తనే. అది ఆమెకు కుర్చీ కాదు, మెట్టినింట్లో ఆమె సంపాదించుకున్న చోటు. అదిప్పుడు పోతోంది.

"మంచిగ చెప్పినవ్ బేటా" అంది జాహెదా. "పెండ్లయి వచ్చిన కాన్నుంచి ఆ డబ్బ ముందర కూసునుడే. కోడలు దుకాణంల కూసుంటదంటె మా జమానాల ఎవరన్న విన్నరా? మేము ఇంట్ల ఉండి పని చెయ్యలేదా?"

అంజన్నకు ఇది నచ్చలేదు. వద్దనుకుంటూనే నోరు తెరిచాడు.

"ఒక్క మాట చెప్తా, కోపానికి రావద్దు. కొత్త విండోస్ నా పాత కంప్యూటర్‌ల ఎక్కదు, తూకానికి అమ్ముకో అన్నరు అందరు. షిఫా బిడ్డ వచ్చి లినక్స్ ఎక్కించింది. నా డబ్బ మళ్ల లేసి కూసుంది. ప్రింటర్ మొరాయిస్తె బిడ్డ ఎవరికో రాసింది. కేరళల ఎవరో సారట, తెల్లారేసరికి ఎట్ల చెయ్యాలెనో రాసి పంపిండు. నేనెవరో ఆయనకు తెల్వది. పైస అడగలే. గట్లాంటోళ్లు ఉంటరా దునియాల అనుకున్న."

"ఉంటరు కాకా" అంది షిఫా మెల్లగా. "అక్కడ స్కూళ్లల్ల పిల్లలు నేర్చుకునేది కూడ గిదే."

"కేరళ సంగతి మనకెందుకు?" అన్నాడు రిజ్వాన్. "చావుష్ సాబ్‌కు ఏం చెప్పాలె, గది చెప్పుండ్రి. అంజన్నా, ఆయన ఇంటికి ఒక్క కట్ట కూడ పోలేదు కదా?"

అంజన్న గడప వంక చూశాడు. "తొవ్వల నమూనాకు ఒకటి ఇచ్చొచ్చిన భాయ్."

రిజ్వాన్ నెత్తి కొట్టుకోవడమూ, గల్లీలో కారు ఆగడమూ ఒకేసారి జరిగాయి.

సాలెహ్ చావుష్ పెద్ద మనిషి. ఒళ్లూ పెద్దదే, గొంతూ పెద్దదే. తలకు రుమాలు చుట్టుకుని, చేతిలో ఆ నమూనా కార్డు పట్టుకుని సలాం చెబుతూ లోపలికొచ్చాడు. జాహెదా తలుపు చాటుకు జరిగింది. షిఫా దుపట్టా సర్దుకుని లేచి నిలబడింది.

"ఇది రాసింది ఎవరు?" అన్నాడు చావుష్.

"సాబ్, గల్తీ అయింది" అని రిజ్వాన్ అందుకున్నాడు. "అన్ని కార్డులు మళ్ల కొట్టిస్తం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"చాచా, గల్తీ నాది" అంది షిఫా.

"ఏం గల్తీ అమ్మా?" చావుష్ అందరి ముఖాలూ చూశాడు. "మా అబ్బా మంచంల కెల్లి లేసి కూసుండు ఈ కార్డు చూసి. మా తాతల తాతలు యెమెన్ నుంచి తెచ్చుకున్న కితాబులు ఇంట్ల ఉన్నయ్. అండ్ల ఉండే అక్షరం ఇదే. మా ఖాందాన్‌ల ఎన్ని పెండ్లిండ్లు అయినయో, మా అక్షరంల ఒక్క కార్డు రాలే. అడగాలన్న సోయి కూడ మాకు లేకుండె. మీకెట్ల తోచింది?"

బాబూమియా లేచి అతన్ని దివాన్ మీద కూర్చోబెట్టాడు.

"అబద్ధమెందుకు సాబ్. మేం తోచి చెయ్యలేదు. ఫైల్ మారి గట్ల వచ్చింది."

చావుష్ కడుపు కదిలేలా నవ్వాడు. "అయితె వలీమా దావత్ కార్డుల్ల కూడ గదే గల్తీ చెయ్యుండ్రి. ఈ కట్టలన్నీ నా కార్ల పెట్టించుండ్రి. అబ్బా ఈ పూటనే పంచుమంటుండు."

కట్టలు కారెక్కాయి. అంజన్న కూడా దిగబెట్టమని అదే కారెక్కాడు. గుండె మీది బండ దిగినట్టయింది ఇంట్లో అందరికీ. చెయ్యెత్తి మొక్కాల్సిన నసీబు అది.

షిఫా భర్త వైపు చూసింది. ఇక ఏమన్నా అంటాడేమోనని ఆశ.

"నసీబ్ బాగుండి బార్కస్ ఆయన అయిండు" అన్నాడు రిజ్వాన్. గొంతు తగ్గింది గానీ మాట తగ్గలేదు. "రేపు నస్తాలీఖే కావాలనే శాలిబండ ఆయన వస్తె? షిఫా, నేను నీ మీద కోపంతోని చెప్తలేను. మన దుకాణానికి జనం దేనికి వస్తరు? అబ్బా అక్షరానికి వస్తరు. అది నీ లినక్స్‌ల ఉన్నదా?"

రిజ్వాన్ అన్నది నిజమే.

ఎప్పుడో చేతిరాత పోయి కంప్యూటర్లు వస్తున్న రోజుల్లో, ఉర్దూ టైపింగ్ ప్రోగ్రాం తయారుచేసే ఒక కంపెనీ మనుషులు దుకాణం ఉన్న గల్లీకి వచ్చారు. చేత్తో అందంగా రాసే మంచి కాతిబు ఎవరని అడిగితే అందరూ బాబూమియా దుకాణమే చూపించారు. అక్షరాలన్నీ విడివిడిగా కాగితాల మీద రాయించుకుని తీసుకుపోయారు. ఆ అక్షరం ప్రోగ్రాంలోకి ఎక్కింది. ఆ ప్రోగ్రాం విండోస్‌లో తప్ప నడవదు. కంపెనీ ఎప్పుడో మూతపడింది. తాళం వేసినవాళ్లు పోయారు, అక్షరం లోపల ఉండిపోయింది. షిఫా దాన్ని లినక్స్‌లోకి తేవాలని ఎన్ని తిప్పలు పడిందో, అది రానే లేదు.

"అది లేదు" అంది షిఫా. "వేరే నస్తాలీఖ్ ఉంది. మంచిగుంటది. చూపిస్తనుండు."

ల్యాప్‌టాప్ తెచ్చి మామగారి ముందు పెట్టింది. బాబూమియా కళ్లజోడు తుడుచుకుని వంగి చూశాడు. తెర మీద అక్షరాలు నీళ్లలా జారుతున్నాయి.

"మాషా అల్లాహ్" అన్నాడు. "మంచి చెయ్యి. ఎవరిది?"

"పేర్లు ఇక్కడ ఉన్నయ్ అబ్బా." షిఫా ఇంకో పేజీ తెరిచింది. "రాసినాయన పేరు. దాన్ని కంప్యూటర్‌లకు ఎక్కించినామె పేరు. తర్వాత తప్పులు దిద్దినోళ్ల పేర్లు. ఎవరన్న తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు. పేర్లు తీసెయ్యొద్దు, మళ్ల తాళం వెయ్యొద్దు. లినక్స్ మొత్తం గిట్లనే తయారైంది. ఎవరికి తెలిసింది వాళ్లు తెచ్చి పెట్టిండ్రు."

బాబూమియా ఆ పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే కిందికి జరిపాడు. చైనా పేరుంది, జర్మనీ పేరుంది, లాహోర్ పేరుంది. ఎవరి ముఖమూ ఎవరికీ తెలియదు.

"మా ఉస్తాద్ గిట్లనే ఉండె" అన్నాడు. ఆ గొంతులో ఎంత ఇష్టముందో షిఫాకు వినిపించింది. "అక్షరం నేర్పి పైస తీసుకోకపోతుండె. నువ్వు ఇంకొకరికి నేర్పాలె, నేర్పేటప్పుడు నీ ఉస్తాద్ పేరు చెప్పాలె, గంతే అంటుండె. గిసుంటి మనుషులు అయిపోయిండ్రనుకున్న. ఈ డబ్బలకు వచ్చి కూసున్నరన్న మాట."

తలుపు దగ్గర నిలబడి తెర వంక చూస్తున్న జాహెదా, "నూన్ అక్షరం కడుపు లోతు తక్కువుంది" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

షిఫాకు ధైర్యం వచ్చింది. మామగారి పక్కన కింద కూర్చుంది.

"అబ్బా, మీ అక్షరం కోసం మనం మళ్ల ఆ ప్రోగ్రాం దొంగ కాపీ పెట్టుకుని బతకాల్నా? మీది మీరే దొంగ లెక్క వాడుకునుడేంది? ఆ పాతది మనకు రాదు. మీరు మళ్ల రాయుండ్రి. ఒక్కొక్క అక్షరం స్కాన్ చేసి నేను లినక్స్‌లకు ఎక్కిస్త. మొదలు మీ పేరు పెడ్త. ఎన్నేండ్లయినా ఎవరూ ఆ పేరు తీసెయ్యరు."

"పెట్టి?" అన్నాడు రిజ్వాన్. "గల్లీల ప్రతి దుకాణపోడు ఫుకట్ల అబ్బా అక్షరమే కొడ్తడు."

"ఇప్పుడు కొడ్తలేరా? అందరి దగ్గర ఉన్నది గదే దొంగ కాపీ. అక్షరం ఉంది, అబ్బా పేరొక్కటే లేదు."

రిజ్వాన్ లేచి కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. చెడ్డవాడు కాదు మన రిజ్వాన్. తండ్రి పేరంటే ప్రాణం. ఆ పేరు ఎక్కడా లేదన్న సంగతి అతనికి ఇంతకాలం తట్టలేదు, తట్టగానే గుచ్చుకుంది.

"సరే" అన్నాడు. "అబ్బా రాస్తె, మన అక్షరం నీ లినక్స్‌లకు వస్తె, పెన్‌డ్రైవ్ ఆయనను వాపస్ పంపిస్త. దుకాణంల నీ కుర్చీ నీదే, మళ్ల అనను. రాయకుంటె అసర్ తర్వాత విండోస్ ఎక్కుతది. నువ్వు కూడ మళ్ల అనొద్దు. మంజూరా?"

"మంజూర్" అంది షిఫా వెంటనే. ఆమె ముఖం విప్పారింది. ఇక అడ్డేముంది? మామగారు ఒప్పుకున్నట్టే.

"నేను రాయలేను" అన్నాడు బాబూమియా.

షిఫా సరిగ్గా విన్నదో లేదో అన్నట్టు చూసింది. "చెయ్యి వణుకుతదా అబ్బా? మెల్లగ రాయుండ్రి. తొందర లేదు."

"చెయ్యి మంచిగనే ఉంది."

"మరేంది?" అన్నాడు రిజ్వాన్. "నేను ఒప్పుకున్న కదా. అందరికి ఇచ్చుడు మీకిష్టం లేదా?"

"ఇష్టమే. ఇంతకంటె మంచి పని ఏముంటది." బాబూమియా ల్యాప్‌టాప్ మీది పేర్ల వంకే చూస్తున్నాడు. "గని ఈ పేర్ల కింద అబద్ధం పెట్టొద్దు. వీళ్లందరు నిజం పెట్టిండ్రు."

"అబద్ధమేంది అబ్బా?"

"ఆ అక్షరం నాది గాదు బేటా."

జాహెదా చప్పున తలెత్తింది. "ఏమండీ, ఇప్పుడెందుకా మాట."

"ఇప్పుడు గాకుంటె ఎప్పుడు?" అన్నాడు బాబూమియా. భార్య వైపు చూడలేదు, కొడుకు వైపు చూశాడు. "రంజాన్ ముందర షాబాన్ నెల వస్తె పెండ్లిండ్ల కార్డులు మీద పడుతుండె. నా చెయ్యి ఒక్కటి సాలకపోతుండె. బోర్డులు, పోస్టర్లు నేను రాసేటోన్ని. కార్డుల మ్యాటర్ ఇంటికి వస్తుండె. మీ అమ్మీ వాళ్ల అబ్బా పేపర్ల కాతిబ్. బిడ్డకు నేర్పిండు. నిన్ను ఒళ్ల ఏసుకుని రాసేది. నా కన్న మంచిగ రాసేది. కంపెనీ వాళ్లు అక్షరాలడిగితె నేనిచ్చిన కాయితాలన్నీ ఆమె రాసినయే."

షిఫా అత్తగారి చేతుల వంక చూసింది. ఆ చేతులు దుపట్టా కొసను వేళ్లకు చుడుతున్నాయి, విప్పుతున్నాయి.

"ఎందుకు చెప్పలే?" అన్నాడు రిజ్వాన్. "దుకాణంల ఎంతమంది మెచ్చుకున్నరు. బాబూమియా అక్షరం అంటరు హైదరాబాద్ అంత."

"మెచ్చుకున్నప్పుడు షుక్రియా అన్న. ఒకసారి అన్నంక రెండోసారి సులువైతది." బాబూమియా కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "ఇంటి ఆడది రాసిందంటె గిరాకీ పోతదేమోనని మొదలు అనుకున్న. తర్వాత ఏమీ అనుకోలే. గదే నా గల్తీ."

షిఫా లేచి జాహెదా దగ్గరికి వెళ్లింది. పొద్దుటి నుంచీ తనను తిట్టిన మనిషి ఈమె. ఇంట్లో ఉండి పని చెయ్యలేదా అన్న మనిషి ఈమె. ఆ మాటలో ఏముందో షిఫాకు ఇప్పుడు అర్థమైంది. పాతబస్తీలో ఏ పెళ్లింటికి వెళ్లినా ఈమె రాసిన అక్షరమే గోడ మీద, గూట్లో, పెట్టెల్లో ఉంది. ఎంత గొప్ప మనిషితో రోజూ ఉల్లిగడ్డల గురించి వాదించిందో తను.

"అమ్మీ, మీరు రాస్తరా?"

జాహెదా తన వేళ్ల వంక చూసుకుంది.

"మీ పేరే పెడ్త. అందరికన్న మీద."

"కలం పట్టి ఎన్నేండ్లాయె" అంది జాహెదా. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "చెయ్యికైతె ఎరుకే. అన్నం కలిపేటప్పుడు కూడ పల్లెంల రాస్తనే ఉంట. ఎవరు చూస్తరు గని."

"అయితే రాయుండ్రి అమ్మీ."

జాహెదా కొడుకు వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేదేమో అనిపించింది షిఫాకు.

"బేటా, మీ అబ్బా అక్షరమైతె అందరికి ఇస్తనన్నవ్. పేరు పెడ్తనంటె మురిసినవ్. ఇప్పుడు నా పేరు పెడ్తదట నీ భార్య. రేపు గిరాకీల ముందర, గల్లీల దుకాణపోళ్ల ముందర, ఇది మా అమ్మీ అక్షరం, మా అబ్బాది గాదు అని నీ నోటితోని చెప్తవా? చెప్తనంటె ఇప్పుడే రాస్త. చెప్పనంటె ఆ విండోసే ఎక్కించుకో, నేను ఏమనుకోను."

రిజ్వాన్ తండ్రి వంక చూశాడు. నీ ఇష్టం అన్నట్టు కూడా బాబూమియా తల ఊపలేదు.

"లోకం ఏమంటది అమ్మీ?"

"లోకం సంగతి నాకు ఎరుకే. అందుకే గిన్నేండ్లు ఊకున్న" అంది జాహెదా. "నువ్వేమంటవు, గది చెప్పు."

రిజ్వాన్ తల్లి ముఖంలోకి చూడలేకపోయాడు. పెన్‌డ్రైవ్ ఆయన వచ్చే వేళయిందని దుకాణం తాళంచెవులు తీసుకున్నాడు.